ఈగలు మూత వేశాక

మొదటి చలికాలంలో మేము తీసిన తేనె పదిహేను రోజులకే కల్లు వాసన కొట్టింది. తేనెటీగల గురించి చెప్పమని ఎక్కడికి పిలిచినా ఎన్ని కిలోలు వచ్చింది, కిలో ఎంతకి పోయింది అనే అడుగుతారు. పాడైన ఆరు కిలోల సంగతి ఎవరూ అడగరు. మాకు పని నేర్పింది ఆ ఆరు కిలోలే కాబట్టి అక్కడి నుంచే మొదలు పెడుతున్నాం.

మా గూడ సీతంపేట కొండల్లో ఉంది. 2022 ఏప్రిల్ దాకా మాది శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా. జాతాపులు, సవరలు కలిసి ఉండే ఊరు. పోడులో కంది, చోడి, గంటె, సామ వేస్తాం. దిగువ వాలుల్లో జీడితోటలు, పసుపు, అనాస. మేము ఐదుగురం. ఇద్దరం డిగ్రీ మధ్యలో ఆపేశాం, ఒకడు విజయనగరంలో హోటల్ పని మానేసి వచ్చాడు, మిగతా ఇద్దరూ మొదటి నుంచీ జీడితోట చూసుకుంటున్నవాళ్లే. మైదానంలో మూడు రోజుల శిక్షణ ఇచ్చి తలా ఒక పెట్టె ఇచ్చారు. అందరికీ కలిపి ఒక పొగడబ్బా, రెండు ముఖం వలలు, చేత్తో తిప్పే తేనె యంత్రం ఒకటి. జీపు మీద వాటిని ఎక్కించుకుని గూడకి వస్తే మా తాత ఆ డ్రమ్ములోకి తొంగి చూసి, "ఏటిరా ఇది, బట్టలుతికే మిషనా?" అన్నాడు.

తాతకి తేనె కొత్త కాదు. వయసులో ఉన్నప్పుడు అమావాస్య రాత్రుల్లో అడ్డతీగ నార తాడుతో చరియ దిగి కొండ తేనె కోసుకొచ్చినవాడు. మాకు మాత్రం అది విన్న కథే. మా నాన్నల కాలానికే చరియ దిగేవాళ్లు తగ్గిపోయారు. మేము బడికి, హాస్టల్‌కి పోయాం. తేనె అంటే మాకు సీసాలో ఉండేది. కొండల్లో పుట్టి తేనెటీగ సంగతి మైదానానికి వెళ్లి తెరమీద బొమ్మల్లో నేర్చుకున్నామని చెప్పడానికి సిగ్గుగానే ఉంటుంది. కానీ నిజం అదే.

పాతదంతా మంచిదని కూడా మేము అనం. కాగడాతో కాలిస్తే పట్టు మీద ఈగలు వేలల్లో మాడి రాలేవని తాతే చెబుతాడు. పిల్లల పట్టు, తేనె పట్టు కలిపి పిండేవారు. ఆ తేనె తొందరగా పులిసేది. పెట్టెలో ఆ బాధ లేదు, ఈగని చంపకుండా తేనె తీయొచ్చు. మేము ఈ పనికి ఒప్పుకున్నది అందుకే.

మన కొండల్లో ఈగలు చాలా రకాలు. చరియలకీ పెద్ద చెట్ల కొమ్మలకీ చాటంత పట్టు ఒక్కటే పెట్టే కొండ ఈగ ఒకటి. పొదల్లో అరచేయంత పట్టు పెట్టే చిన్న ఈగ ఇంకొకటి. ఈ రెండూ వెలుతురులో ఉంటాయి, పెట్టెలో పెడితే నిలవవు. చెట్టు తొర్రల్లో, పుట్టల్లో, పాత గోడ సందుల్లో చీకటి చూసుకుని పక్కపక్కనే ఏడెనిమిది పట్లు పెట్టే తొర్ర ఈగ ఉంది చూశారా, అది మాత్రం పెట్టెని తొర్ర అనుకుంటుంది. ఆ ఈగ కొలతకి సరిపోయేలా వందేళ్ల కిందట దక్షిణాదిన న్యూటన్ అనే ఫాదరీ చేసిన పెట్టెనే ఇప్పటికీ న్యూటన్ పెట్టె అంటారు. యాపిల్ పండు న్యూటన్ అనుకుని శిక్షణలో మేమొక ప్రశ్న అడిగి అందర్నీ నవ్వించాం.

పెట్టెలో రెండు అంతస్తులు. కింద పిల్లల గది. రాణీగ గుడ్లు పెట్టేది, పిల్లలు పెరిగేది అక్కడే, వాటి తిండికి కావలసిన తేనె, పుప్పొడి కూడా అక్కడే ఒక మూల దాచుకుంటాయి. పైన తేనె గది. అవసరానికి మించింది పైకి చేరుస్తాయి. మన వాటా పైదే. ఈ ఒక్క వాక్యం మా నోటు పుస్తకంలో రాసుకున్నాం, కింద గీత కూడా గీసుకున్నాం. అయినా తప్పాం.

వానలు తగ్గాక తొర్రల నుంచి ఈగల్ని పట్టి పెట్టెల్లోకి ఎక్కించాం. చీమలు ఎక్కకుండా పెట్టె కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టాం. పూలు లేని రోజుల్లో పంచదార నీళ్లు పోశాం. కార్తీకం వచ్చేసరికి పోడు నిండా కంది పూత. ఈగలు పసుపు కాళ్లతో వచ్చి గుమ్మంలో దిగుతుంటే అన్నం తినడం కూడా మరిచిపోయి చూసేవాళ్లం. మార్గశిరంలో పైగది మూత ఎత్తి చూస్తే పట్లలో తేనె తళతళలాడుతోంది.

ఇక ఆగలేకపోయాం. ఆగకపోవడానికి కారణం ఆశ ఒక్కటే కాదు. ఐదుగురం తిరిగి వలస పోకుండా ఉండాలంటే ఇంట్లోవాళ్లకి ఏదో ఒకటి చూపించాలి. పైగా ఆశ్రమ పాఠశాల మాస్టారు ఒకాయన నాలుగు సీసాలు కావాలని ముందే డబ్బులిచ్చేశారు.

తెల్లవారుజామున పెట్టెలు విప్పాం. చలికి ఈగలు కదలవు, కుట్టవు అని మాలో ఒకడి తెలివి. కొండ మీద మంచు ఇంకా విడలేదు. మూత తీసేసరికి ఇంట్లో ఉన్న ఈగలన్నీ ఒక్కసారి లేచాయి. పగలు సగం ఈగలు మేతకి పోతాయి, తెల్లవారుజామున అన్నీ ఇంట్లోనే ఉంటాయని అప్పుడు తట్టింది. కనుబొమ్మ మీద, చెవి వెనక, మోచేతి మీద పొడిచాయి. పొగ ఊదేవాడు డబ్బా వదిలేసి కంది చేలో పడ్డాడు. మిగిలినవాళ్లం పంతం పట్టి మూడు పెట్టెలు దులిపాం.

తాత అంబలి గిన్నె పట్టుకుని అటుగా వచ్చి దూరం నుంచే అడిగాడు. "మూతలేసినాయా?"

సగం వేశాయని చెప్పాం.

"సగం ఏసినాయంటే సగం ఏయలేదు కదరా."

మేము వినిపించుకోలేదు. చలికాలం కదా, ఈగలు మెల్లగా మూతలు వేస్తున్నాయి, తేనె మాత్రం తేనే కదా అనుకున్నాం. పైగదిలో చట్రాలన్నీ తీశాం. ఇంకో తప్పు కూడా చేశాం, దాచడం ఎందుకు. పైగదిలో అనుకున్నంత రాలేదని కిందగది చివరి పట్ల మూలల్లో ఉన్నది కూడా కోసేశాం. కోస్తుంటే తెల్ల పిల్లలు రెండు మూడు కత్తికి తగిలాయి. బట్టలో వడకట్టి ఆ రోజే సీసాలకి పట్టాం. ఆరు కిలోలు. చూడ్డానికి ఎంత బాగుందో. నీళ్లలా పారుతోంది కూడా. అది చూసి సంతోషించామే తప్ప చలికాలంలో అసలైన తేనె అలా పారదని తెలియలేదు.

పదిహేను రోజులకి మాస్టారు కబురు పెట్టారు. సంచిలో ఒక సీసా మూత ఎగిరిపోయి పుస్తకాలన్నీ తడిసిపోయాయట. వెళ్లి చూస్తే మిగతా సీసాల్లో నురగ. వాసన చూస్తే జీలుగు కల్లు. పిల్లలు ముక్కు మూసుకుని నవ్వారు. మాస్టారు ఏమీ అనలేదు, అదే ఇంకా కష్టంగా అనిపించింది. డబ్బు వెనక్కిస్తామంటే, "డబ్బు ఉంచండి, మంచి తేనె తీసినప్పుడు ఇవ్వండి" అన్నారు. తాతకి చెబితే, "పోనీలే, కల్లు ఖర్చు మిగిలింది" అని ఒక సీసా తీసుకుపోయాడు.

అదే వారంలో మూడు పెట్టెల్లో ఒకటి ఖాళీ అయింది. పొద్దున చూస్తే గుమ్మం దగ్గర చప్పుడు లేదు. మూత తీస్తే నాలుగైదు చచ్చిన ఈగలు, ఆరిపోయిన పట్లు. తిండి మిగలకపోతే, ఇల్లు పదే పదే కదిలిస్తే తొర్ర ఈగ ఊరుకోదు. రాణితో సహా లేచిపోతుంది. చలిలో కిందగది విప్పడం ఇంకో దెబ్బ. పిల్లలు పెరిగే చోటు 34, 35 డిగ్రీల వేడి ఉండేలా ఈగలు ఒంటితో కాస్తాయి. మంచు వేళ ఆ గది తెరిచి పట్లు బయట పట్టుకుని నిలబడితే పిల్లలు బతకవు.

ఖాళీ పెట్టె ముందు ఐదుగురం కూర్చున్నాం. తాత వచ్చి చేత్తో లోపలంతా తడిమాడు. "అంతా తీసేస్తే ఆటికేటి మిగిలిందిరా? ఉండమంటే ఎందుకుంటాయి?" అన్నాడు. కాసేపాగి ఇంకో మాట అన్నాడు. "కందికొత్త సేయకుండా కంది తింటామా మనం? మరి ఈగలు మూతెయ్యకుండా తేనెలెలా తింటారు?"

ఈ మాట అర్థం కావాలంటే కందికొత్తల పండుగ తెలియాలి. మా కొండల్లో కొత్త కంది చేతికొచ్చినా పండుగ చేసి ముందు దేవతకి పెట్టే దాకా ఇంట్లో ఎవరూ నోట పెట్టరు. చిన్నప్పుడు మాకు అది పెద్దల చాదస్తంగా తోచేది. చేలో కాయ ఊరిస్తుంటే ఎందుకు ఆగాలి? అందరూ ఒకేసారి తినేదాకా ఎవరూ తినకపోతే, కాయ ముదిరేదాకా ఎవరూ కోయరు, విత్తనం కూడా దక్కుతుంది. దాని వెనక ఇంకేమున్నా మాకు తెలిసినంతలో ఇది ఉంది. తాత దగ్గర తేనెకి కూడా అలాంటి కట్టు ఒకటి ఉందని, మేమెప్పుడూ అడగలేదని ఆ రోజు తెలిసింది.

మూత అంటే ఏమిటో తర్వాత కుదురుగా చదివాం. టీచర్లకి పనికొస్తుంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాం. ఈగ పువ్వు నుంచి తెచ్చేది తేనె కాదు, పలచటి తీపి నీరు. అందులో చాలా భాగం నీళ్లే. ఈగలు దాన్ని ఒకదాని నోటి నుంచి ఇంకొకటి అందుకుంటూ, గదుల్లో పోసి రెక్కలతో విసురుతూ నీటిని ఆవిరి చేస్తాయి. రాత్రి పెట్టెకి చెవి పెట్టి వినండి, విసనకర్రల హోరు వినిపిస్తుంది. నీరు తగినంత తగ్గాకే గదికి మైనంతో మూత వేస్తాయి. మన ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం తేనెలో నీరు 20 శాతం దాటకూడదు. దాటితే గాలిలో, పువ్వుల్లో ఉండే పులియబెట్టే సూక్ష్మజీవులు పని మొదలు పెడతాయి. చలి, మంచు రోజుల్లో ఈ ఆరబెట్టే పని మందగిస్తుంది. పైగా తేనె గాలిలో తేమని కూడా పీల్చుకుంటుంది. అంటే మంచు కురుస్తున్న వేళ పచ్చి తేనెని తెరిచిపెట్టి మేము రెండు విధాలా నీళ్లు కలిపినట్టే అయింది. నీటి శాతం చూసే చిన్న పరికరం ఉంటుంది, మా దగ్గర లేదు. అది లేకపోయినా చట్రాన్ని అడ్డంగా పట్టుకుని ఒక్క విదులుపు విదిలిస్తే చాలు, చినుకులు రాలితే అది ఇంకా తేనె కాలేదు.

వీడియోలు చూసి నేర్చుకుంటున్న తమ్ముళ్లకి ఒక మాట. అందులో చాలామంది చలికాలంలో పెట్టె ముట్టుకోవద్దంటారు. వాళ్లు మంచుదేశాల వాళ్లు. అక్కడ నెలల తరబడి పువ్వు ఉండదు, ఈగలు ముద్దకట్టి దాచుకున్న తేనె తింటూ బతుకుతాయి. ఒక్కో పెట్టెలో పదిహేను, ఇరవై కిలోలు వాటికే వదిలేస్తారు. మనకి ఆకలి రోజులు వానాకాలంలో. చలికాలం కంది, ఎగువన వేసిన చోట ఒలిసెలు, తర్వాత జీడి, మామిడి పూతలు. అందుకని చలికాలంలో తేనె తీయడం మన దగ్గర తప్పు కాదు. ఏ వారంలో, ఏ పూట, ఎంత తీశామన్నదే లెక్క.

రెండోసారి కందికొత్త అయ్యాకే తీశాం. జనవరి నెలాఖరు. జీడి పూత అందుకుంది కాబట్టి ఈగలకి మేత ఉంది. ఎండ బాగా ఎక్కాక, పదకొండు దాటాక విప్పాం. సగం ఈగలు తోటల్లో ఉన్నాయి. పొగడబ్బాలో ఎండు పిడక, కొబ్బరి పీచు వేసి చల్లటి తెల్లపొగ వచ్చేదాకా ఆగాం. వేడి పొగ ఊదితే రెక్కలు కాలతాయి. గుమ్మంలో రెండు ఊదులు, పైన రెండు ఊదులు, అంతే. పొగ తగిలితే ఇల్లు కాలుతోందనుకుని ఈగలు కడుపునిండా తేనె తాగుతాయట. కడుపు నిండిన ఈగకి కుట్టే ఓపిక తక్కువ. మనుషులూ అంతే కదా.

నాలుగు పెట్టెల్లో ఒక్కో పట్టూ చూసి, నాలుగు వంతుల్లో మూడు వంతులకి పైగా తెల్లమూత పడినవే తీశాం. మూత పడనివి అక్కడే వదిలేశాం. కిందగది ముట్టలేదు. పైగదిలో కూడా చివరి రెండు పట్లు వాటికే. ఇది నోటు పుస్తకంలో లేదు, తాత చెప్పింది. వానాకాలం పంచదార ఖర్చు ఎలాగూ మాదే కాబట్టి లెక్కకి కూడా అదే మంచిది.

ఇంట్లో తలుపులు వేసుకుని పని చేశాం. వాసనకి ఈగలు వెతుక్కుంటూ వచ్చేస్తాయి, ఒక పెట్టె ఈగలు ఇంకో పెట్టె దోచుకోవడం మొదలు పెడితే ఆపలేం. కత్తి వేడినీళ్లలో ముంచి, తుడిచి, మూతల్ని పైపైన కోశాం. తడి ఉన్న కత్తి పెడితే మళ్లీ నీళ్లే. చట్రాల్ని డ్రమ్ములో నిలబెట్టి తిప్పితే తేనె విసురుకి గోడలకి కొట్టుకుని కిందకి జారుతుంది, పట్టు చెక్కుచెదరదు. ఈ ఉపాయం 1865లో ఆస్ట్రియా సైన్యంలో పనిచేసిన హ్రుష్కా అనే ఆయనది. పట్టు మిగలడం ఎంత మేలో ఈ పని చేస్తేనే తెలుస్తుంది. మైనం తయారు చేయడానికి ఈగలు బోలెడంత తేనె తినాలి. ఖాళీ పట్టు తిరిగి ఇచ్చేస్తే ఆ తేనె మిగులుతుంది.

కానీ చలి మమ్మల్ని ఇక్కడ కూడా పట్టుకుంది. తేనె కదలదు. గట్టిగా తిప్పితే కొత్త పట్టు ఒకటి ఫెళ్లున విరిగి డ్రమ్ములో పడింది. ఆ తర్వాత చట్రాల్ని కాసేపు ఎండ తగిలే గదిలో ఉంచి, మెల్లగా ఒకవైపు సగం తిప్పి, రెండో వైపు పూర్తిగా తిప్పి, మళ్లీ మొదటి వైపుకి వచ్చాం. నాలుగు పెట్టెలకి సాయంత్రం అయిపోయింది. వడకట్టడానికి ఇంకా రెండు రోజులు. మాలో ఒకరు పొయ్యి మీద పెడదామన్నారు. పొయ్యి మీద కాచితే తేనె రంగు, వాసన, గుణం అన్నీ పోతాయి. గిన్నెని ఎండలో పెట్టి, గోరువెచ్చటి నీళ్లలో నిలిపి, మూడు రోజులు కదలకుండా ఉంచాం. మైనం ముక్కలు, బుడగలు పైకి తేలాయి. గరిటెతో తీసేసి సీసాలకి పట్టాం. పదకొండు కిలోల చిల్లర. మాస్టారికి ముందుగా నాలుగు సీసాలు పోయాయి.

ఇంతటితో అయిపోయిందనుకుంటే, ఫిబ్రవరిలో సీసాల అడుగున తెల్లగా పలుకు కట్టింది. సంతలో కొన్న ఒకాయన సీసా పట్టుకొచ్చి, "పంచదార కలిపి కొండ తేనె అంటారేటి?" అని పదిమందిలో అడిగాడు. మాకు నోట మాట రాలేదు. తేనెలో ఉండే గ్లూకోజు చల్లదనానికి గడ్డకడుతుంది. ఏ పువ్వు తేనెలో అది ఎక్కువ ఉంటే ఆ తేనె తొందరగా పేరుకుంటుంది. ఒలిసెల తేనె అయితే ఇంకా త్వరగా. గోరువెచ్చటి నీళ్లలో సీసా పెడితే కరిగిపోతుంది. ఇది కల్తీకి గుర్తు కాదు. నీళ్లలో చుక్క వేసి చూడటం, అగ్గిపుల్లకి రాసి వెలిగించడం లాంటి పరీక్షలు కూడా కల్తీని పట్టలేవు. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వాళ్లు 13 బ్రాండ్ల తేనెని పెద్ద ల్యాబుల్లో పరీక్ష చేయిస్తే చాలావాటిలో పాకం కలిసిందని తేలింది. మామూలు పరీక్షలకి దొరకని పాకం అది. అంతంత కంపెనీల మీద పోయిన నమ్మకం సంతలో మా ముందుకొచ్చి నిలబడింది. ఆయన మీద కోపం ఎందుకు?

మాస్టారే దారి చూపించారు. ఎనిమిదో తరగతి పిల్లల ముందు పేరుకున్న సీసాని వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగేదాకా పాఠం చెప్పారు. పిల్లలు ఇళ్లకి వెళ్లి చెప్పారు. తర్వాతి సంతలో అడిగినవాళ్లకి మాకంటే ముందు పిల్లలే జవాబు చెప్పారు.

తేనె ఎవరికి అమ్మాలనే మాట కూడా వచ్చింది. మన తాతల తేనెకి వ్యాపారులు ఉప్పు, గుడ్డ ఇచ్చి కొలతలో కూడా కొట్టేసేవారట. ఆ దోపిడీ ఆపడానికే 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ పుట్టింది. ఈ రోజు కూడా మన అడవి తేనె కొని, రాజమహేంద్రవరం, చిత్తూరు కేంద్రాల్లో శుద్ధి చేసి గిరిజన్ పేరుతో అమ్ముతోంది. 2006 అటవీ హక్కుల చట్టంలో చిన్నతరహా అటవీ ఫలసాయం కింద తేనె, మైనం పేర్లు రాసి ఉన్నాయి. అడవిలో తేనె తీసుకోవడం, అమ్ముకోవడం మన హక్కు. చెక్‌పోస్టు దగ్గర ఎవరైనా ఆపితే చెప్పడానికి ఈ ఒక్క ముక్క యువకులందరికీ తెలిసి ఉండాలి. మేమైతే ప్రస్తుతానికి చేతికొచ్చింది సంతలోనే అమ్ముతున్నాం. సీసా మీద కాగితం అంటించి గూడ పేరు, తీసిన తేదీ, పూత పేరు రాస్తున్నాం. "కంది, జీడి" అని రాసి ఉంటే కొనేవాళ్లు కాసేపు నిలబడి చదువుతారు.

మొన్న పక్క గూడ నుంచి ముగ్గురు వచ్చారు, యంత్రం ఎరువు ఇమ్మని. వాళ్ల పెట్టెలు నిండాయట. ఎప్పుడు విప్పాలి, కత్తి ఎలా పట్టాలి, డ్రమ్ము ఎంత మెల్లగా తిప్పాలి, అన్నీ చెప్పాం. ఒకడు ఫోనులో రాసుకున్నాడు కూడా. అరుగు మీద కూర్చుని వింటున్న తాత యంత్రం ఎత్తుతున్నప్పుడు వాళ్లని ఆపాడు.

"మీ ఊళ్లో కందికొత్త అయిందా?"

ఇంకా వారం ఉందన్నారు.

"అయితే మిషను వారం పోయాక అట్టుకెల్లండి" అని డ్రమ్ము మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. వాళ్లు మా వైపు చూశారు. మేము ఏమీ అనలేదు. టీ తాగి వెళ్లిపోయారు, యంత్రం ఇంకా మా అరుగు మీదే ఉంది.